‘రన్’ చేయమన్నారా, చూపించమన్నారా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం చదివాను. బీకామ్ అయ్యాక పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో చేరాను. ఎక్సెల్, లెక్కలు బాగా వచ్చు. నెల కింద మా టీమ్ లీడ్ మేడమ్ ఒక మెసేజ్ పెట్టారు. ఆవిడది కేరళ, తెలుగు రాదు. ‘ప్లీజ్ రన్ ద రిపోర్ట్ బై మీ బిఫోర్ యూ సెండ్ ఇట్’ అని ఉంది. మా దగ్గర రిపోర్ట్ రన్ చేయడమంటే బటన్ నొక్కి లెక్కలు తీయడం. నేను రన్ చేసి క్లయింట్‌కు పంపేశాను. అందులో రెండు అంకెలు పాత నెలవి ఉన్నాయి. ‘నాకు చూపించమన్నాను కదా’ అని మేడమ్ అందరి ముందూ అన్నారు. వెనక ఎవరో నవ్వారు. ఆ రాత్రి డిక్షనరీ తీసి ‘రన్’ అర్థాలు నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. 72 దాకా రాశాను. పొద్దున లేచేసరికి పది కూడా గుర్తులేవు. ఇప్పుడు ఏ మెసేజ్ వచ్చినా టెన్షన్. మూడక్షరాల మాటకే ఇన్ని అర్థాలుంటే నాకు ఇంగ్లీషు ఎప్పటికి వస్తుంది? తెలుగు మీడియంలో చదవడమే నా తప్పా? మా రూమ్మేట్ ఒడిశా అమ్మాయి. తనకు తెలుగు నేర్పిస్తున్నాను. మొన్న ‘ఎండ కొడుతోంది’ అంటే ‘ఎవర్ని కొడుతోంది?’ అని అడిగింది, ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అదొక్కటే ఈ నెలలో నాకు సంతోషం.

జవాబు: చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకమ్మా. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని. నీలాంటి పిల్లలు నా ముందు బెంచీల మీద వందలమంది కూర్చున్నారు. అందుకే నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముందు ఆ రోజు జరిగింది చూద్దాం. ఆ మెసేజ్‌లో నీకు తెలియని మాట ఒక్కటీ లేదు. రన్ తెలుసు, రిపోర్ట్ తెలుసు, బై మీ తెలుసు. తెలియని మాట ఒక్కటి ఉన్నా ఆగి ఎవర్నైనా అడిగేదానివి. అన్నీ తెలిసినవే కనుక ఆగలేదు. ఇంగ్లీషులో మనల్ని పడేసేవి ఎప్పుడూ ఈ చిన్న మాటలే. పెద్ద మాట దూరం నుంచే కనిపిస్తుంది, డిక్షనరీ తీయిస్తుంది. రన్, గెట్, టేక్, సెట్ లాంటివి ఒకటో క్లాసులో వచ్చేశాయనుకుంటాం, వాటి మీద అనుమానమే రాదు. పైగా మీ ఆఫీసులో రిపోర్ట్ అనే మాట పక్కన రన్ వస్తే ఏం చేయాలో నీకు చేతికి అలవాటైపోయింది. నీ స్థానంలో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా అదే చేసి ఉండొచ్చు.

అక్కడ రన్, బై అనేవి రెండు మాటల్లా కనిపిస్తున్నా కలిపి ఒక్క మాటే. మధ్యలో రిపోర్ట్ వచ్చి కూర్చుంది, అంతే. ‘రన్ ఇట్ బై మీ’ అంటే ‘పంపే ముందు ఒకసారి నా చెవిన వెయ్యి, నా కంట పడనీ’ అని. మనం చెవిన వెయ్యమన్నప్పుడు చెవిలో ఏమీ వేయం. నిజంగా చెవిలో వేసేది చుక్కల మందు ఒక్కటే. రేపు మీ ఒడిశా అమ్మాయికి ఎవరైనా ‘ఈ సంగతి మేడమ్ చెవిన వెయ్యి’ అంటే ఆ అమ్మాయి ముఖం ఎలా పెడుతుందో, ఆ మెసేజ్ ముందు నీ పరిస్థితీ అదే.

ఆ అమ్మాయి దగ్గరే కాసేపు ఆగుదాం. నీ ప్రశ్నకు జవాబు నువ్వు ఊరికే రాసిన ఆ ‘ఎండ కొడుతోంది’లోనే ఉంది.

కొట్టడం అంటే ఏమిటని అడిగితే చెయ్యెత్తి చూపిస్తావు. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ మాటను ఎన్ని పనులకు వాడుతున్నావో ఒక్కరోజు గమనించు. గుడిలో కొబ్బరికాయ కొడతాం, గంట కొడతాం. సైకిల్‌కు గాలి కొడతాం, బండికి పెట్రోల్ కొట్టిస్తాం, గోడకు సున్నం కొడతాం. చెరువులో ఈత కొడతాం. పరీక్షలో కాపీ కొడతారు, క్రికెట్‌లో సెంచరీ కొడతారు. చేపల బుట్ట వాసన కొడుతుంది, తడి చేత్తో స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది, పాఠం బోరు కొడుతుంది. భయమేస్తే గుండె కొట్టుకుంటుంది. వరదొస్తే గొర్రెలు కొట్టుకుపోతాయి. అన్నదమ్ములు ఆస్తి కోసం కొట్టుకుంటారు. దొంగ పర్సు కొట్టేస్తాడు, కోర్టు కేసు కొట్టేస్తుంది, టీచర్ రిజిస్టర్‌లో పేరు కొట్టేస్తుంది. ఈ మూడు కొట్టేయడాల్లో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. ‘మా నాన్న మందు కొడుతున్నాడు’ అని నువ్వంటే, పొద్దున పొలం గట్టు మీద నిలబడి అంటే ఒకటి, రాత్రి పదింటికి అంటే మరొకటి. మీ ఊళ్లో అయిదేళ్ల పిల్ల కూడా ఈ రెండింటినీ కలిపేసుకోదు.

ఇవన్నీ నీకు ఎవరు నేర్పారు? ఏ నోట్‌బుక్‌లో రాసుకున్నావు? ‘కొట్టు, అర్థం ఒకటి, అర్థం రెండు’ అని మీ అమ్మ నిన్ను కూర్చోబెట్టి చెప్పలేదు కదా. గాలి అనే మాటతో కలిపి ఒక కొట్టు విన్నావు, ఈతతో కలిపి ఇంకోటి విన్నావు. ప్రతి కొట్టూ తన తోడు మాటతోనే నీ చెవిలో పడింది, అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ నీకు కొట్టు అర్థాలు విడిగా గుర్తులేవు, అడిగితే ఇరవై కూడా చెప్పలేవు. వాడమంటే మాత్రం ఒక్కటీ తప్పు పోదు.

ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లకు రన్ వచ్చిన దారి కూడా ఇదే.

నువ్వు 72 దగ్గర ఆగావు. ఎంత దూరం ఉందో చెబుతాను, భయపెట్టడానికి కాదు, ఆ దారి వదిలేయడానికి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ అని ఒక మహా నిఘంటువు ఉంది. జేమ్స్ మర్రే 1879లో సంపాదకుడిగా పగ్గాలు పట్టాడు. దాని చివరి భాగం అచ్చయ్యేసరికి 1928 వచ్చింది, మర్రే అప్పటికి కన్నుమూసి 13 ఏళ్లు. 1989లో 20 సంపుటాలుగా రెండో కూర్పు వచ్చినప్పుడు అందులో అన్నిటికన్నా పొడవైన పద్దు, అంటే ఒక మాట కింద రాసిన వివరమంతా, ‘సెట్’ది. తర్వాత మూడో కూర్పు పనిలో ‘రన్’ దాన్ని మించిపోయింది. క్రియగా వాడే రన్ ఒక్కదానికే 645 అర్థాలు తేలాయని 2011లో పత్రికల్లో వచ్చింది. ఆ పద్దు మీద కూర్చున్న నిఘంటుకర్త పీటర్ గిల్లివర్‌కు దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. జీవితమంతా మాటల మధ్య బతికిన మనిషికి తొమ్మిది నెలలు! నువ్వు ఒక్క రాత్రి కూర్చుని 72 రాసి, పొద్దునకు మర్చిపోయానని ఏడుస్తున్నావు.

ఆ 645లో వాడుక పోయినవీ ఉన్నాయి, వెంట్రుకవాసి తేడాతో విడగొట్టినవీ ఉన్నాయి. మాట పుట్టినప్పటి నుంచి దాని కథంతా రాసిపెట్టడం ఆ నిఘంటువు పని, అందుకే పాత అర్థం ముందు వస్తుంది, ఇవాళ్టిది తర్వాత వస్తుంది. నువ్వు ఏ డిక్షనరీ తీశావో రాయలేదు. నీకు కావలసింది నేర్చుకునేవాళ్ల కోసం వేసిన చిన్న డిక్షనరీ. అందులో ఎక్కువ వాడే అర్థం ముందుంటుంది, ప్రతిదాని కిందా ఒక పూర్తి వాక్యం ఉంటుంది. అది కూడా అవసరం పడినప్పుడు తెరవడానికే, మొదటి పేజీ నుంచి చదవడానికి కాదు.

ఇక రన్ సంగతి. నువ్వు చిన్నప్పటి నుంచి మోస్తున్న ‘రన్ అంటే పరిగెత్తడం’ తప్పు కాదు గానీ సగమే. ఆ మాట పాత ఇంగ్లీషులో ఉన్నప్పుడే మనిషి పరుగుకూ నీళ్ల పారుదలకూ రెండింటికీ పనిచేసేది. దానికి చుట్టమైన జర్మన్‌లో ఇవాళ్టికీ రెండు మాటలు విడిగా ఉన్నాయి. రిన్నెన్ అంటే పారడం, కారడం. రెన్నెన్ అంటే పరిగెత్తడం. ఇంగ్లీషులో ఆ రెండు పాయలూ కలిసి ఒక్క రన్ అయ్యాయి. కాబట్టి ట్యాప్ రన్ అవుతోందన్నా, ముక్కు రన్ అవుతోందన్నా, ఉతికితే చీర రంగు రన్ అయిందన్నా అవేవో తెచ్చిపెట్టుకున్న అర్థాలు కావు. పుట్టుకలోనే ఉన్నవి.

మనకూ అచ్చంగా ఇలాంటి మాట ఒకటుంది. నాకు ఎంతో ఇష్టమైన మాట, పారు. పాత తెలుగులో శకటరేఫం, అంటే బండి ఱ, పెట్టి పాఱు అని రాసేవాళ్లు. పాత నిఘంటువుల్లో దాని ఎదురుగా పరుగెత్తడం, ప్రవహించడం రెండూ ఉంటాయి. మీ వైపు ఎస్సారెస్పీ కాలువ వదిలితే పొలం పారుతుంది, అది నీళ్ల పారడం. దొంగ పారిపోయాడు అంటాం, అది కాళ్ల పారడం. ఆ దొంగలో దాక్కున్న పరుగును మనం మర్చిపోయాం గానీ మాట మర్చిపోలేదు. ఇంకా ముందుకు వెళ్దాం. ‘రన్ యువర్ ఐస్ ఓవర్ ఇట్’ అంటారు ఇంగ్లీషులో. మనం చూపు పారించమంటాం. అదే పరుగు, అదే పారడం. బావి ఎండిపోతే ‘ద వెల్ రాన్ డ్రై’ అంటారు వాళ్లు. బావి పరిగెత్తిందా? మనకు పెదాలు పొడిబారతాయి, కళ్లు ఎర్రబారతాయి, వెండి గిన్నె నల్లబారుతుంది. ఆ బారడం ఎవరో కాదు, మన పారే. పొడి పక్కన చేరి బారు అయింది. ఒక స్థితి నుంచి ఇంకో స్థితిలోకి జారిపోవడానికి వాళ్లు రన్‌ను పిలిస్తే, మనం పారును పిలిచాం. ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు. అయినా ఒకే తోవలో నడిచాయి. మొదటిసారి ఇది గమనించిన రోజు నేను క్లాసులో పాఠం ఆపి పిల్లలకు ఇదే చెప్పాను, ఆ గంటంతా ఇదే అయింది.

అంతకు ముందు చాలా ఏళ్ల కింద ఇంకో రోజు ఉంది. అది చెప్పకుండా ఉండలేను. ఒక అబ్బాయి లేచి పాఠం చదివి తెలుగులో చెబుతున్నాడు. ‘టియర్స్ రాన్ డౌన్ హర్ చీక్స్’ అనే వాక్యం వచ్చింది. ‘ఆమె బుగ్గల మీద కన్నీళ్లు పరిగెత్తాయి’ అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. ఆ అబ్బాయి చెవులు ఎర్రబారిపోయాయి, కూర్చున్నాడు, ఆ ఏడాదంతా మళ్లీ లేచి చదవలేదు. ‘కాస్త పక్కకు జరుగు నాన్నా, పారు అనే మాట గుర్తుందా? కన్నీళ్లు ఏరులై పారాయి అంటాం కదా, అదే’ అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. వాడు సరైన తలుపే కొట్టాడు, తెరవాల్సింది నేను. నీ వెనక ఎవరో నవ్వారని రాశావు చూడు, అది చదివినప్పుడు నాకు ఆ అబ్బాయి చెవులే కనిపించాయి.

సరే, ఇప్పుడు రన్‌ను ఎలా చూడాలో చెబుతాను. ఒక దారి వెంట ఆగకుండా సాగిపోవడం. మనసులో ఈ ఒక్క బొమ్మ పెట్టుకో. కాళ్లు సాగితే పరుగు, నీళ్లు సాగితే పారుదల. బస్సు రోజూ ఒకే దారిలో సాగితే బస్సు రన్ అవుతోంది. దుకాణం రోజూ తెరుచుకుంటూ సాగితే దుకాణం రన్ చేస్తున్నారు. రోడ్డు ఏటి వెంట సాగితే ‘ద రోడ్ రన్స్ అలాంగ్ ద రివర్’ అంటారు, రోడ్డు కదలకపోయినా. షుగర్ జబ్బు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కు సాగితే ‘ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’. యంత్రాలు వచ్చాక ఈ మాటకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. మిల్లు రన్ అయింది, ఇంజన్ రన్ అయింది, రైలు రన్ అయింది, చివరికి కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ రన్ అయింది. మీ ఆఫీసులో రిపోర్ట్ రన్ చేయడం ఆ కొమ్మకు మొన్న వేసిన చిగురు.

ఒక తమాషా చూడు. వాళ్లు రన్ అన్న చోట మనం ఎక్కువగా నడుపుతాం. బస్సు నడుస్తుంది, హోటల్ నడుపుతాం, కేసు నడుస్తుంది, శని దశ నడుస్తుంది, ఆమె ఒంటిచేత్తో ఇల్లు నడుపుతోంది అంటాం. వాళ్ల సినిమా వంద రోజులు రన్ అయితే మన సినిమా ఆడుతుంది. వాళ్లకు ఒళ్లు టెంపరేచర్ రన్ చేస్తే మనకు జ్వరం కాస్తుంది. ఎండా కాస్తుంది, చెట్టూ కాస్తుంది, చేనూ కాస్తాం. చూశావా, కొట్టు లాంటి మాట ఇంకోటి దొరికింది మనకు! వయసు దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. 24 నడుస్తోంది కదా అని మనవాళ్లు ‘ట్వంటీ ఫోర్ రన్నింగ్’ అనేస్తారు. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, బయటి దేశం క్లయింట్‌కు అర్థం కాదు.

అమెరికావాళ్లు ఎన్నికల్లో రన్ అవుతారు. బ్రిటన్‌లో మాత్రం ‘స్టాండ్’ అవుతారు, మనం సర్పంచ్‌గా నిలబడ్డాడు అంటామే, అలా. క్రికెట్ చూస్తావో లేదో గానీ, అందులో అన్నిటికన్నా వింతైనది ఉంది. రెండు వికెట్ల మధ్య పరిగెత్తితే వచ్చేది కనుక దానికి రన్ అని, మన పేపర్లలో పరుగు అని పేరు. అంతకు ముందు 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో దాన్ని నాచ్ అనేవాళ్లు, స్కోరు రాసేవాడు కర్ర మీద గాటు పెట్టేవాడు కాబట్టి. ఇప్పుడు బంతి బౌండరీ దాటితే బ్యాట్స్‌మన్ కదలకుండా నిలబడతాడు, అయినా నాలుగు పరుగులే. తెలుగు మాట కూడా ఇంగ్లీషు మాట వెంటే పరుగు లేని పరుగైంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నీకు ఇంకో భరోసా. తెలుగులోకి వచ్చేసిన రన్‌లు నీకు ఇప్పటికే ఎన్ని తెలుసో చూడు. రన్నింగ్ బస్సు ఎక్కకు అని మీ అమ్మ అని ఉంటుంది. వడ్రంగి రన్నింగ్ ఫుట్‌కు ఇంత అంటాడు. కొత్త మోటారుకు ట్రయల్ రన్ వేస్తారు. పక్కింటావిడ గొడవంతా రన్నింగ్ కామెంటరీలా చెబుతుంది. సినిమా వార్తల్లో లాంగ్ రన్‌లో ఎంత వసూలు చేస్తుందో రాస్తారు. ఇందులో ఏదైనా నోట్‌బుక్‌లో రాసుకున్నావా? ప్రతిదీ ఒక మనిషి నోట, ఒక సందర్భంలో, పక్క మాటతో కలిసి వచ్చింది.

కాబట్టి ఆ 72 అర్థాల నోట్‌బుక్‌ను ట్రంకు పెట్టెలో పెట్టెయ్. చింపొద్దు, కష్టపడి రాశావు. కొత్తది ఒకటి తీసుకో. అందులో ఒంటరి మాట ఎప్పుడూ రాయకు. ఆ వారం నువ్వు నిజంగా విన్నదో, మెసేజ్‌లో చదివిందో, ఆ వాక్యం మొత్తం రాయి. ఎవరన్నారో, ఏ పని మధ్యలో అన్నారో పక్కనే రాయి. దాని కింద తెలుగు అర్థం రాయొద్దు. అదే సమయంలో మీ ఇంట్లో ఏమంటారో అది రాయి. ఈ తేడా చాలా పెద్దది, అందుకే రెండు మూడు చేసి చూపిస్తాను.

‘అయామ్ రన్నింగ్ లేట్’ అని కొలీగ్ మెసేజ్ పెట్టింది. ఆలస్యంగా పరిగెత్తుతున్నాను అని రాస్తే నీకే నవ్వొస్తుంది. మీ అన్న ఫోన్లో ఏమంటాడు? ‘కొంచెం లేటైతది, వస్తున్న.’ అదే రాయి. ‘ఐ రాన్ ఇంటు హర్ ఎట్ ద మెట్రో’ అంటే మెట్రోలో అనుకోకుండా ఎదురుపడింది. ఇదే మాటలో మనిషి బదులు గోడ ఉంటే గుద్దుకోవడం. ‘లెట్స్ డూ ఎ డ్రై రన్’ అంటే అసలు రోజుకు ముందు ఒకసారి అంతా చేసి చూసుకుందాం అని. ‘ద మీటింగ్ రాన్ ఓవర్’ అంటే అనుకున్న టైము దాటింది. ‘సర్వర్ ఈజ్ అప్ అండ్ రన్నింగ్’ అంటే మళ్లీ పనిచేస్తోంది, కంగారు లేదు.

‘వియ్ రాన్ అవుట్ ఆఫ్ రైస్’ అన్నది మాత్రం ప్రత్యేకం. మీ అమ్మ బియ్యం డబ్బా మూత తీసి, అడుగున గ్లాసు గీసుకుంటున్న చప్పుడు విని ఏమంటుంది? అయిపోయాయి అనదు, లేవు అసలే అనదు. ‘బియ్యం నిండుకున్నాయి’ అంటుంది. ఖాళీ అయినదాన్ని నిండిందని చెబుతాం, లేదనే మాట ఇంట్లో వినపడకూడదని. డిక్షనరీ పట్టుకుని తెలుగు నేర్చుకునే మీ ఒడిశా అమ్మాయి నిండు అంటే ఫుల్ అని రాసుకుని ఉంటే, ఆ రోజు కొట్టుకు వెళ్లి బియ్యం తేదు. రాత్రికి ఇద్దరూ పస్తే. నీ రిపోర్ట్ విషయంలో జరిగింది ఇంతకన్నా వేరు కాదు.

వారానికి ఇలాంటివి రెండు మూడు చాలు. అంతకన్నా రాయకు. గెట్, టేక్, పుట్, సెట్, మేక్, టర్న్, ఇవన్నీ రన్ లాంటివే, వాటినీ ఇలాగే రానీ, నువ్వు వెతుక్కుంటూ వెళ్లకు. వాక్యం కనిపించినప్పుడు రెండు సంగతులు చూసుకో. ఇక్కడ సాగుతున్నది ఏమిటి, మనిషా, నీళ్లా, యంత్రమా, సంస్థా, సమయమా? తర్వాత రన్ వెనక బై, అవుట్, ఇంటు, త్రూ, ఓవర్ లాంటి చిన్న మాట ఏదైనా ఉందా? ఆ చిన్న మాట ఉంటే దాన్ని రన్ నుంచి విడదీయకు. అది కొన్నిసార్లు పక్కనే ఉండదు, నీకు జరిగినట్టు రెండు మాటల అవతల కూడా ఉంటుంది.

అప్పటికీ అనుమానం మిగిలిపోయే రోజులుంటాయి. అప్పుడు ‘దీని అర్థమేమిటి’ అని అడగడానికి మొహమాటమైతే అడగొద్దు. నీకు అర్థమైన పనిని నీ మాటల్లో తిరిగి చెప్పు. ‘జస్ట్ టు బి షూర్, షుడ్ ఐ షో యూ ద రిపోర్ట్ బిఫోర్ సెండింగ్?’ అని ఆ రోజు ఒక్క ముక్క పెట్టి ఉంటే మేడమ్ ‘యస్’ అనేవారు, కథ అక్కడితో అయిపోయేది. మంచి ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా పనిలో ఇలాగే అడుగుతారు. ఇది భాష రానివాళ్ల అలవాటని ఎవరూ అనుకోరు, పని జాగ్రత్తగా చేసే పిల్ల అనుకుంటారు.

ఒక మాట మాత్రం నిష్ఠూరంగా చెబుతాను, పెద్దదాన్ని కాబట్టి. అంకెల్లో పాత నెలవి రెండు ఉండటం వేరే తప్పు. దానికి రన్‌తో సంబంధం లేదు, తెలుగు మీడియంతో అంతకన్నా లేదు. లెక్కలు నీకు బాగా వచ్చని నువ్వే రాశావు. రెండు తప్పులనూ ఒకే మూటలో కట్టి ‘నాకు ఇంగ్లీషు రాదు, అందుకే ఇలా అయింది’ అనుకుంటున్నావు. విడదీసి చూడు. అంకెల తప్పు పంపే ముందు ఇంకోసారి సరిచూసుకుంటే పోతుంది. మాట తప్పు ఇక జరగదు, ఎందుకంటే ‘రన్ బై’ని నువ్వు బతికున్నన్నాళ్లూ మర్చిపోవు. కాలికి రాయి తగిలిన చోటు ఎవరికైనా గుర్తుంటుంది.

తెలుగు మీడియం తప్పా అని అడిగావు. కాదు తల్లీ. ఒక మాట ఎన్ని పనులు చేయగలదో నీకు ముందే తెలుసు, కొట్టుతోనూ పారుతోనూ పడుతోనూ పుట్టి పెరిగావు. ఇంకో భాషలోనూ అలాంటివి ఉంటాయని గుర్తుపట్టడానికి నీ దగ్గర ఒక భాష పూర్తిగా ఉంది. అసలు ఏ భాషా నిండుగా రాని పిల్లల్ని కూడా నేను చూశాను, వాళ్ల కష్టం నీకన్నా చాలా ఎక్కువ. ఇక మీ మేడమ్‌కు కూడా ఇంగ్లీషు బహుశా అమ్మ ఒళ్లో వచ్చి ఉండదు. ఆవిడా ఎక్కడో ఒక రన్ దగ్గర తడబడే ఇక్కడి దాకా వచ్చి ఉంటారు. అందరి ముందూ అనడం బాగాలేదు, నిజమే. కానీ నువ్వు ఎలా అర్థం చేసుకున్నావో ఆవిడకు ఇప్పటికీ తెలియదని నాకనిపిస్తోంది. చెప్పినా వినలేదు అనుకుని ఉంటారు. అది మాత్రం నువ్వు సర్దాలి.

రేపు ఆఫీసుకు వెళ్లాక నాలుగు లైన్లు రాయి. ఆ రోజు రన్ అంటే సిస్టమ్‌లో రన్ చేయమన్నారని అనుకున్నానని, చూపించమన్నట్టు అర్థం కాలేదని, ఇకనుంచి అనుమానం ఉంటే ముందే అడుగుతానని. క్షమాపణలు పేజీల కొద్దీ వద్దు. ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో అని భయమైతే, పంపే ముందు మీ రూమ్మేట్‌కు చూపించు. చూపించేటప్పుడు ఏమని అడగాలో నీకు ఇప్పుడు తెలుసు కదా: ‘కెన్ ఐ రన్ దిస్ బై యూ?’